సలహాదారుని పెట్టెలు: థియొడోర్ సోరెన్సన్ వ్యక్తిగత పత్రములు, సాక్ష్యమును గూర్చిన కొన్ని పాఠములు

ఉపోద్ఘాతము

చరిత్ర అధ్యయనములో మూలపత్రములకున్న స్థానము సెమినరీ విద్యార్థులకు కొత్త విషయము కాదు. ఒక గ్రంథమును ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కొరకు రాశారు, మధ్యలో ఎవరి చేయి పడింది అనే ప్రశ్నలను మనము మొదటి సంవత్సరము నుండే నేర్చుకుంటాము. అయితే ఈ ప్రశ్నలను రెండు వేల సంవత్సరాల నాటి గ్రంథములకు వేసినప్పుడు చాలా చోట్ల సమాధానము ఊహగానే మిగులుతుంది. లేఖికుడు మనకు దొరకడు, అతని చిత్తుప్రతి దొరకదు. అదే ప్రశ్నలను మన కాలానికి దగ్గరగా జీవించిన ఒక లేఖికుని విషయములో వేస్తే ఏమవుతుంది? అతని కాగితాలు పెట్టెలలో భద్రముగా ఉండి, అతడే వృద్ధాప్యములో వాటిని గూర్చి నోరు విప్పితే మనము ఏమి నేర్చుకోగలము?

ఈ ఉద్దేశముతో అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీకి న్యాయ సలహాదారుగా, ప్రసంగ రచయితగా పనిచేసిన థియొడోర్ సి. సోరెన్సన్ వ్యక్తిగత పత్రములను ఈ వ్యాసములో పరిశీలించుదము. ఇవి బోస్టన్ నగరములోని జాన్ ఎఫ్. కెన్నెడీ అధ్యక్ష గ్రంథాలయములో ఉన్నాయి. రాజకీయ చరిత్ర మన పత్రికకు సంబంధించిన విషయమేనా అని కొందరు అడగవచ్చును. సాక్ష్యము చెప్పడము, సాక్ష్యమును భద్రపరచడము, సాక్ష్యమును దిద్దడము అనే మూడు పనులు ఈ పెట్టెలలో పక్కపక్కనే కనబడతాయి. ఈ మూడును మన పరిచర్యలోని పనులే.

1. సోరెన్సన్ ఎవరు?

సోరెన్సన్ 1928 మే 8న నెబ్రాస్కా రాష్ట్రములోని లింకన్ పట్టణములో జన్మించాడు. తండ్రి డేనిష్ సంతతివాడు, ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా పనిచేసిన న్యాయవాది. తల్లి రష్యా నుండి వచ్చిన యూదు కుటుంబమునకు చెందినది. కుటుంబము యూనిటేరియన్ సంఘములో సభ్యత్వము గలది. సోరెన్సన్ నెబ్రాస్కా విశ్వవిద్యాలయములో 1951లో న్యాయశాస్త్ర పట్టా పొంది వాషింగ్టన్ చేరుకున్నాడు. 1953 జనవరిలో, 24 ఏళ్ళ వయసులో, కొత్తగా ఎన్నికైన సెనేటర్ కెన్నెడీ దగ్గర ఉద్యోగములో చేరాడు.

అప్పటి నుండి 1963 నవంబరు 22న కెన్నెడీ హత్యకు గురైన దినము వరకు ఆయన పక్కనే ఉన్నాడు. 1961లో కెన్నెడీ అధ్యక్షుడైనప్పుడు ప్రత్యేక న్యాయ సలహాదారు పదవి ఇతనికే లభించింది. పదవి పేరు న్యాయ సలహాదారు అయినప్పటికి చేసిన పని అంతకు మించినది. దేశీయ విధానములు, శాసనసభకు పంపే సందేశములు, ముఖ్యముగా ప్రసంగములు ఇతని బల్ల మీద తయారయ్యేవి. 1963 జూన్ 10న సోవియట్ యూనియన్‌తో సమాధానమును గూర్చి అమెరికన్ యూనివర్సిటీలో చేసిన ప్రసంగము, మరునాడే జూన్ 11న నల్లజాతి ప్రజల పౌరహక్కులను గూర్చి టెలివిజన్‌లో చేసిన ప్రసంగము రెండింటి వెనుకను ఇతని కలము ఉన్నది.

1964 ఆరంభములో ఆయన వైట్ హౌస్ విడిచిపెట్టాడు. 1965లో "కెన్నెడీ" అనే పెద్ద గ్రంథమును ప్రచురించాడు. 1966 నుండి న్యూయార్క్‌లో న్యాయవాద వృత్తి కొనసాగించాడు. 2001లో వచ్చిన పక్షవాతము వలన చూపు బాగా దెబ్బతిన్నప్పటికి, 2008లో "కౌన్సెలర్" అనే ఆత్మకథను ప్రచురించగలిగాడు. 2010 అక్టోబరు 31న మరణించాడు.

2. వ్యక్తిగత పత్రముల సంచయము ఎలా ఉంటుంది?

"వ్యక్తిగత పత్రములు" అనగానే కుటుంబ ఉత్తరాలు, దినచర్య పుస్తకము, ఫోటోలు మనకు గుర్తుకు వస్తాయి. ఆర్కైవ్స్ పరిభాషలో దీని అర్థము ఇంకా విశాలమైనది. ఒక వ్యక్తి తన జీవితములో, తన పనిలో తయారుచేసిన లేక అందుకున్న కాగితాలన్నియు ఇందులోకి వస్తాయి. సోరెన్సన్ సంచయములో ఎన్నికల ప్రచారపు దస్త్రములు, అధ్యక్షుని ప్రసంగముల దస్త్రములు, విషయముల వారీగా పెట్టిన దస్త్రములు ఉన్నాయి. ఒక్కొక్క ప్రసంగమునకు సంబంధించి చిత్తుప్రతులు, ఇతరులు పంపిన సలహాలు, అంచులలో రాసిన దిద్దుబాట్లు కలిసి కనబడతాయి.

ఇలాంటి సంచయము గ్రంథాలయమునకు చేరే విధానమును తెలుసుకోవడము అవసరము. దాత మొదట దానపత్రము మీద సంతకము చేస్తాడు. కాగితములు ఎవరి సొత్తు, వాటిని ముద్రించే హక్కు ఎవరిది, ఏ భాగము వెంటనే చూడవచ్చును, ఏ భాగము ఎన్ని సంవత్సరములు మూసి ఉంచాలి అనే షరతులు అందులో ఉంటాయి. ఆ తరువాత ఆర్కైవ్స్ సిబ్బంది రెండు నియమములను పాటిస్తారు. మొదటిది, ఒకరి పత్రములను మరొకరి పత్రములతో కలపకూడదు. రెండవది, యజమాని తన బీరువాలో ఏ వరుసలో పెట్టుకున్నాడో వీలైనంత వరకు ఆ వరుసనే కాపాడాలి. వరుస కూడా ఒక సాక్ష్యమే. ఒక ఉత్తరము ఏ ఫోల్డరులో ఏ కాగితము పక్కన దొరికిందో తెలిస్తే, దానిని ఎందుకు దాచారో సగము అర్థమవుతుంది. తరువాత కాగితములను ఆమ్లము లేని ఫోల్డర్లలో, పెట్టెలలో సర్ది, ఏ పెట్టెలో ఏమున్నదో తెలిపే సూచికను తయారుచేస్తారు.

యిర్మీయా 32వ అధ్యాయములో పొలము కొన్న దస్తావేజును గూర్చి చదివినప్పుడు ఈ పద్ధతి మనకు జ్ఞాపకము రావాలి. అక్కడ ముద్ర వేసిన ప్రతి ఒకటి, తెరచి ఉన్న ప్రతి ఒకటి ఉన్నాయి. బారూకు ఆ రెండింటిని మట్టికుండలో ఉంచుతాడు. మూయవలసినది మూయడము, తెరవవలసినది తెరచి ఉంచడము, రెండును చాలా దినములు చెడకుండునట్లు చూడడము: ఆర్కైవ్స్ పని యావత్తు ఆ మూడు మాటలలో ఇమిడి ఉన్నది.

3. కలము ఎవరిది? పేరు ఎవరిది?

1956లో కెన్నెడీ పేరుతో "ప్రొఫైల్స్ ఇన్ కరేజ్" అనే పుస్తకము వెలువడింది. రాజకీయ నష్టమునకు వెరవక మనస్సాక్షిని అనుసరించిన సెనేటర్ల జీవితములను గూర్చిన పుస్తకమిది. 1957లో దీనికి పులిట్జర్ బహుమానము వచ్చింది. అదే సంవత్సరము డిసెంబరులో డ్రూ పియర్సన్ అనే పత్రికా రచయిత, ఈ పుస్తకమును కెన్నెడీ రాయలేదని ఏబీసీ టెలివిజన్‌లో ఆరోపించాడు. కెన్నెడీ తరఫున క్లార్క్ క్లిఫర్డ్ అనే న్యాయవాది రంగములోకి దిగాడు. కెన్నెడీయే గ్రంథకర్త అని సోరెన్సన్ ప్రమాణ పత్రము ఇచ్చాడు. ఏబీసీ ఆ ఆరోపణను వెనక్కి తీసుకున్నది.

తరువాత కాలములో హెర్బర్ట్ పార్మెట్ అనే చరిత్రకారుడు గ్రంథాలయములోని రాతప్రతులను, టైపు ప్రతులను పరిశీలించి 1980లో తన అభిప్రాయమును ప్రచురించాడు. కెన్నెడీ స్వహస్తముతో రాసిన నోట్సు ఉన్నాయి. ఆలోచన, ఎంపిక, తుది బాధ్యత ఆయనవే. కాని వాక్యములుగా కూర్చే శ్రమలో ఎక్కువ భాగము సోరెన్సన్‌ది అని పార్మెట్ తేల్చాడు. 2008లో తన ఆత్మకథలో సోరెన్సన్ కూడా అధిక అధ్యాయముల మొదటి చిత్తుప్రతి తానే తయారుచేశానని ఒప్పుకున్నాడు. అంటే ఆ ఒప్పుకోలుకు 28 సంవత్సరములు ముందే పత్రములు ఆ మాట చెప్పాయి.

1961 జనవరి 20 నాటి పదవీ స్వీకార ప్రసంగము ఇంకా ఆసక్తికరమైన ఉదాహరణ. 1960 డిసెంబరులో సోరెన్సన్ పలువురు ప్రముఖులకు తంతి పంపి సలహాలు అడిగాడు. ఆడ్లై స్టీవెన్‌సన్, తరువాత మన దేశానికి రాయబారిగా వచ్చిన జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ వంటివారు తమ వాక్యములు పంపారు. బైబిలు వచనముల కొరకు సువార్తికుడు బిల్లీ గ్రాహమ్‌ను, వాషింగ్టన్‌లోని యూదు నాయకుడు ఐజాక్ ఫ్రాంక్‌ను సంప్రదించారు. చివరికి ఆ ప్రసంగములో యెషయా 58:6, రోమా 12:12 వచనములు చోటుచేసుకున్నాయి.

ఆ ప్రసంగము కెన్నెడీ స్వదస్తూరితో పసుపు కాగితముల మీద రాసిన పుటలుగా కూడా భద్రముగా ఉన్నది. 1961 జనవరి 17న విమానములో ఆయన రాస్తుండగా టైమ్ పత్రిక విలేఖరి హ్యూ సైడీ కళ్ళారా చూశాడు. ఇంతకన్న బలమైన రుజువు ఏమి కావాలి అని మనము అనుకోవచ్చును. స్వదస్తూరి ఉన్నది, తేదీ ఉన్నది, ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు. కాని ఆ పాటికే సోరెన్సన్ తయారుచేసిన టైపు చిత్తుప్రతి కెన్నెడీ చేతిలో ఉన్నది. జనవరి 10న దానిని చూసుకుంటూ ఆయన తన కార్యదర్శికి కొన్ని భాగములు చెప్పి రాయించాడు. కాబట్టి చేతిరాత కనబడినంత మాత్రాన మాట అక్కడే పుట్టిందని చెప్పలేము. ఇదే పత్రములను చదివి థర్‌స్టన్ క్లార్క్ 2004లో కెన్నెడీకి ప్రాధాన్యమిచ్చాడు. రిచర్డ్ టోఫెల్ 2005లో సోరెన్సన్‌కు ప్రాధాన్యమిచ్చాడు.

ఈ వాదమును తీర్చగల కాగితము ఒకటుండేది. అది సోరెన్సన్ చేతితో రాసిన మొదటి చిత్తుప్రతి. దానిని తానే నాశనము చేశానని ఆయన తరువాత వెల్లడించాడు. నాయకుని కీర్తిని కాపాడాలనే విధేయత అతనిని అంత దూరము నడిపింది. భద్రపరచినవాడు, చింపివేసినవాడు ఒక్కరే అన్న సంగతిని ఏ సంచయమును చదివేటప్పుడైనను మరువకూడదు.

రోమా 16:22లో తెర్తియు తన పేరును తానే చెప్పుకొని వందనములు పంపుతాడు. యిర్మీయా 36లో బారూకు సిరాతో ఎలా రాశాడో, రాజైన యెహోయాకీము ఆ చుట్టను ఎలా కాల్చాడో, రెండవ చుట్టలో మరిన్ని మాటలు ఎలా చేరాయో గ్రంథమే దాచకుండా చెబుతుంది. లేఖికుని పేరు చెప్పినందువలన పౌలు అధికారము గాని యిర్మీయా అధికారము గాని తగ్గలేదు. సహాయము తీసుకోవడము తప్పు కాదు. దానిని దాచిపెట్టడానికి ప్రమాణము చేయవలసి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

4. హ్యూస్టన్ ప్రసంగము: పాదిరుల ఎదుట ఒక కథోలికుడు

మన పాఠకులకు అన్నింటికన్న దగ్గరగా ఉండే దస్త్రము 1960 నాటి మత వివాదమునకు చెందినది. కెన్నెడీ రోమన్ కథోలికుడు. అంతవరకు ఆ మతశాఖకు చెందినవారెవరు అమెరికా అధ్యక్షులు కాలేదు. 1960 సెప్టెంబరు 7న నార్మన్ విన్సెంట్ పీల్ అధ్యక్షతన సుమారు 150 మంది ప్రొటెస్టెంటు నాయకులు వాషింగ్టన్‌లో సమావేశమై, కథోలిక అధ్యక్షుడు తన సంఘాధికారుల ఒత్తిడి నుండి తప్పించుకోలేడని ప్రకటన చేశారు. పీల్ పుస్తకములు మన దేశములోను చాలామంది సేవకుల బీరువాలలో ఉన్నవే గనుక ఈ సంగతి గమనించదగినది.

దీనికి జవాబుగా సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లోని రైస్ హోటల్‌లో, ఆ నగరపు పాదిరుల సంఘము ఎదుట కెన్నెడీ నిలబడ్డాడు. సంఘము, ప్రభుత్వము వేర్వేరుగా ఉండాలని, అధ్యక్షునిగా తాను ఏ సంఘాధికారి ఆజ్ఞకు లోబడనని, మనస్సాక్షికి, పదవికి మధ్య సంఘర్షణ వస్తే పదవిని విడిచిపెడతానని ఆయన స్పష్టము చేశాడు. తరువాత పాదిరులు అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చాడు.

ఈ ప్రసంగమును సిద్ధము చేసినవాడు యూనిటేరియన్ అయిన సోరెన్సన్. కథోలిక పత్రికా రచయిత జాన్ కోగ్లీ తోడ్పడ్డాడు. తుది రూపమును సోరెన్సన్ టెలిఫోనులో జాన్ కోర్ట్నీ మరీ అనే జెస్యూట్ వేదాంతికి చదివి వినిపించి అభిప్రాయము తీసుకున్నాడు. సంఘము, రాజ్యము అనే అంశముపై ఆ కాలములో కథోలికులలో లోతుగా ఆలోచించిన వ్యక్తి మరీ. తరువాత రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన మత స్వాతంత్ర్య ప్రకటనకు రూపమివ్వడములో ముఖ్య పాత్ర వహించాడు. ఈ విధముగా యూనిటేరియన్ రాసినదానిని జెస్యూట్ విని సలహా ఇవ్వగా, కథోలికుడు ప్రొటెస్టెంటు పాదిరుల ఎదుట పలికాడు.

ప్రసంగమును ముద్రిత ప్రతిలో మాత్రమే చదివితే ఇది ఒక నాయకుని ధైర్యముగా కనబడుతుంది. తయారీ వివరములతో కలిపి చదివితే, వేర్వేరు విశ్వాసముల వారు ఒక సూత్రమును ఎంత జాగ్రత్తగా మాటలలో పెట్టారో తెలుస్తుంది. మత స్వేచ్ఛను గూర్చి రాజ్యాంగపు 25వ అధికరణమును తరచుగా ఉదహరించే మన సంఘములకు ఇది ఉపయోగపడే పాఠము. అల్పసంఖ్యాకుడైన వ్యక్తి తన విశ్వాసమును విడువకుండా, పొరుగువాని భయమును ఎగతాళి చేయకుండా, అందరి ఎదుట జవాబు చెప్పగలడు.

5. దిద్దిన చేయి: "థర్టీన్ డేస్" ఉదాహరణ

రచనా విమర్శను, సంపాదక విమర్శను బోధించే అధ్యాపకులకు ఇంతకన్న మంచి ఆధునిక ఉదాహరణ దొరకడము కష్టము. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడి, ప్రపంచము అణుయుద్ధపు అంచు వరకు వెళ్ళింది. అక్టోబరు 27న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌కు వెళ్ళిన జవాబు ఉత్తరమును రాబర్ట్ కెన్నెడీ, సోరెన్సన్ కలిసి తయారుచేశారు. ఆ సాయంత్రమే రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను కలిశాడు. టర్కీలో ఉన్న అమెరికన్ జూపిటర్ క్షిపణులను కొన్ని నెలలలో తొలగిస్తామని, అయితే దీనిని బయట చెప్పకూడదని తెలియజేశాడు. ఆ విషయము తెలిసిన కొద్దిమందిలో సోరెన్సన్ ఒకడు.

రాబర్ట్ కెన్నెడీ 1968 జూన్‌లో హత్యకు గురయ్యాడు. ఆయన రాసుకున్న కథనము "థర్టీన్ డేస్" అనే పేరుతో 1969లో వెలువడింది. దానిని ముద్రణకు సిద్ధము చేసినవాడు సోరెన్సన్. చదివినవారికి కలిగిన అభిప్రాయమేమనగా, అమెరికా బేరము ఆడలేదు, దృఢముగా నిలబడింది, ఎదుటివాడు వెనక్కి తగ్గాడు. 1989 జనవరిలో మాస్కోలో జరిగిన సదస్సులో దొబ్రీనిన్ ఎదుట సోరెన్సన్ ఒక సంగతి ఒప్పుకున్నాడు. రాబర్ట్ కెన్నెడీ దినచర్యలో ఆ ఒప్పందము స్పష్టముగా ఉన్నదని, అది అప్పటికి ఇంకా రహస్యమే గనుక దానిని తానే దిద్దివేశానని చెప్పాడు.

ఇరవై సంవత్సరములపాటు రాజనీతి విద్యార్థులు, అధికారులు ఆ పుస్తకము నుండి నేర్చుకున్న పాఠము అసంపూర్ణమైనది. బెదిరిస్తే లొంగుతారు అన్నది ఒక పాఠము. బెదిరింపుతోపాటు గౌరవముగా తప్పుకొనే దారి కూడా ఇచ్చారు అన్నది మరొక పాఠము. ఒక సంపాదకుడు కొన్ని మాటలు మార్చినందువలన రెండవ పాఠము మరుగునపడింది. అణ్వాయుధముల కాలములో ఇది చిన్న నష్టము కాదు.

దీనికి తోడు మరొక సాక్షి ఉన్నది. కెన్నెడీ తన సమావేశములను రహస్యముగా టేపు మీద రికార్డు చేయించాడు. అవి ఉన్నాయన్న సంగతి 1973లో బయటపడింది. ఆ సంక్షోభపు టేపుల పాఠము 1997లో గ్రంథముగా వెలువడింది. టర్కీ క్షిపణుల విషయములో అధ్యక్షుడే రాజీవైపు మొగ్గు చూపాడని ఆ టేపులలో వినబడుతుంది. జ్ఞాపకము దిద్దబడవచ్చును, దినచర్య దిద్దబడవచ్చును. కాని వేర్వేరు మూలముల నుండి వచ్చిన సాక్ష్యములను పోల్చినప్పుడు దిద్దుబాటు బయటపడుతుంది. విద్యార్థులు సమాంతర సువార్తలను పక్కపక్కన పెట్టి చదవడము నేర్చుకొనేది ఇందుకే.

6. ఈ కాగితములు ఎవరివి?

1976 చివరలో, అధ్యక్షునిగా ఎన్నికైన జిమ్మీ కార్టర్ సోరెన్సన్‌ను గూఢచార సంస్థ సి.ఐ.ఎ.కు అధిపతిగా ఎంచుకున్నాడు. సెనేటులో వ్యతిరేకత లేచింది. యౌవనములో ఆయుధము పట్టని సేవకే తనను నమోదు చేయాలని మనస్సాక్షి కారణముగా కోరిన సంగతి ఒక అభ్యంతరము. రెండవది ఆయన పత్రములే. పెంటగాన్ పత్రముల వ్యవహారములో ఇచ్చిన ప్రమాణ పత్రములలో, వైట్ హౌస్ విడిచినప్పుడు రహస్య ముద్ర ఉన్న కాగితములను కూడా తాను వెంట తీసుకువెళ్ళానని, తన గ్రంథము రాయడానికి వాటిని వాడుకున్నానని సోరెన్సన్ చెప్పాడు. అధికారులందరు చేసే పనే ఇది అన్నది ఆయన వాదన. 1977 జనవరి 17న సెనేటు కమిటీ ఎదుట తన మీది ఆరోపణలకు జవాబు చెప్పి, తన పేరును ఉపసంహరించుకున్నాడు.

ఆ వాదనలో కొంత నిజమున్నది. ఆ కాలములో అధ్యక్షుని కాగితములు ఆయన సొంత ఆస్తిగానే పరిగణింపబడేవి. సహాయకులు కూడా అదే అలవాటును అనుసరించేవారు. నిక్సన్ ఉదంతము తరువాత ఈ పరిస్థితి మారింది. 1978లో చేసిన అధ్యక్ష రికార్డుల చట్టము ప్రకారము, 1981 జనవరి 20 నుండి పదవిలోనికి వచ్చిన అధ్యక్షుల అధికారిక పత్రములు ప్రజల ఆస్తి. సొంత ఉత్తరములు వేరు, పదవి వలన పుట్టిన కాగితములు వేరు అని చట్టమే గీత గీసింది.

గీత గీసినంత మాత్రాన తాళపుచెవి ప్రశ్న తీరిపోదు. కెన్నెడీ వైద్య దస్త్రములు చాలాకాలము మూసి ఉన్నాయి. వాటిని చూడడానికి అనుమతి ఇవ్వగల ముగ్గురు సభ్యుల కమిటీలో సోరెన్సన్ ఒకడు. ఆ అనుమతి లభించిన తరువాత చరిత్రకారుడు రాబర్ట్ డాలెక్ 2002లో, కెన్నెడీ ఎంత తీవ్రమైన అనారోగ్యముతో పరిపాలించాడో ప్రపంచానికి తెలిపాడు. వెనుకటి కాలములో నాయకుని ప్రతిష్ఠను కాపాడిన చేతులే చివరకు పెట్టె మూత తెరవడానికి సమ్మతించాయి. ఇది సోరెన్సన్ పక్షమున చెప్పవలసిన మాట.

7. మన సంఘముల పెట్టెలు

ఇప్పుడు మన వైపు చూచుకుందాము. తెలుగు సంఘముల తొలి చరిత్రకు సంబంధించిన మూలములలో పెద్ద భాగము మన జిల్లాలలో లేదు. 1841లో బందరులో ఆరంభమైన సి.ఎం.ఎస్. తెలుగు మిషను కాగితములు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో ఉన్నాయి. కడప, విశాఖపట్నము ప్రాంతములలో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ పత్రములు లండన్‌లో ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టు చరిత్ర సంఘపు సంచయము అట్లాంటాలో ఉన్నది. మన దేశములో బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్ ఈ విషయములో విలువైన సేవ చేస్తున్నది.

ఈ కాగితములలో ఎక్కువగా వినబడేది మిషనరీ స్వరము. 1878 జూలై 3న ఒక్క దినములో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఒంగోలు మిషను చరిత్రలో జాన్ క్లౌ పేరు అందరికి తెలుసు. ఆయన ఆత్మకథ 1914లో, ఆయన మరణానంతరము వెలువడింది; దానిని కూర్చి రాసినది ఆయన భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ. క్లౌకు ముందుగా పల్లెలలో తిరిగి మార్గము సిద్ధపరచిన యెర్రగుంట్ల పేరయ్య మాట మాత్రము ఇతరుల కలము ద్వారానే మనకు చేరింది. సోరెన్సన్ పెట్టెలను పరిశీలించినవాడు ఇక్కడ కూడా అవే ప్రశ్నలు వేయాలి. పేరు ఎవరిది, కలము ఎవరిది, నడిచిన కాళ్ళు ఎవరివి?

పోయిన కాగితములను తేలేము గాని ఉన్నవాటిని కాపాడగలము. పాస్టర్ల ఇండ్లలో, సంఘ కార్యాలయములలో బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు, కమిటీ మినిట్సు పుస్తకములు, స్థలపు దస్తావేజులు, బైబిలు స్త్రీల నివేదికలు, పాత ప్రసంగముల నోట్సు ఉన్నాయి. వానకు తడిసి, చెదలకు ఆహారమై అవి ప్రతి సంవత్సరము తరిగిపోతున్నాయి. ఈ క్రింది సంగతులు ఏ సంఘమైనను పెద్ద ఖర్చు లేకుండా పాటించవచ్చును.

మొదటిది, పాస్టరు సొంత కాగితములను, సంఘపు కాగితములను వేరు చేయాలి. రిజిస్టర్లు, మినిట్సు, లెక్కలు పదవివి. బదిలీ అయినప్పుడు అవి పాస్టరుతో పాటు పెట్టెలో వెళ్ళకూడదు. జాబితా రాసి, ఇద్దరు పెద్దల సంతకముతో అప్పగించాలి.

రెండవది, పాత కట్టలను విప్పి కొత్త వరుసలో సర్దకూడదు. ఉన్న వరుసను అలాగే ఉంచి, పైన ఒక కాగితము మీద ఏమున్నదో రాయాలి.

మూడవది, తుప్పు పట్టిన గుండుసూదులను, క్లిప్పులను మెల్లగా తీసివేయాలి. పాత కాగితములను లామినేషన్ చేయించకూడదు. ఒకసారి చేసిన తరువాత దానిని తిరిగి తీయడము సాధ్యము కాదు. నేలకు, గోడకు ఆనించకుండా పెట్టెలను ఎత్తు మీద ఉంచాలి. ఫోటో తీసి గాని స్కాన్ చేసి గాని ప్రతిని మరొకచోట పెట్టాలి, అయినను అసలు కాగితమును పారవేయకూడదు.

నాలుగవది, క్రమశిక్షణ చర్యలు, కుటుంబ తగాదాలు మొదలైన సున్నితమైన కాగితములను చింపవద్దు. కవరులో పెట్టి, ముద్ర వేసి, ఏ సంవత్సరము తరువాత తెరవవచ్చునో పైన రాయాలి. బ్రతికి ఉన్నవారి పరువును కాపాడడము మన విధి. దాని కొరకు రేపటి తరము సత్యమును కాల్చివేయనక్కరలేదు.

ఐదవది, వృద్ధులైన సేవకులు తమ డైరీలను, ఉత్తరములను ఎవరికి అప్పగించాలో లిఖితపూర్వకముగా రాయించాలి. దానపత్రము లేని కాగితములు వారసులకు భారమై, చివరకు పాత పేపర్లవాని తూకములోకి వెళ్ళిపోతాయి.

ముగింపు

సోరెన్సన్ తాను సేవించిన నాయకుని పట్ల విధేయుడు. ఆ విధేయతలోనే గొప్ప ప్రసంగములు పుట్టాయి. అణుయుద్ధమును ఆపిన ఉత్తరము పుట్టింది. ఆ విధేయత వలననే ఒక చిత్తుప్రతి నాశనమైనది, ఒక దినచర్య దిద్దబడినది. ఈ రెండింటిని మనకు తెలియజేసినవి ఆయన నిలిపి ఉంచిన కాగితములు, ఆయన చివరి సంవత్సరములలో చెప్పిన మాటలు. పరిచర్యలో కూడా మనము పెద్దలను, సంస్థలను, మిషనులను గౌరవిస్తాము. ఆ గౌరవము కాగితమును దిద్దమని అడిగినప్పుడు ఎక్కడ ఆగాలో ముందుగానే నిర్ణయించుకోవాలి.

ఎజ్రా 6వ అధ్యాయములో కోరెషు ఆజ్ఞ కొరకు దస్తావేజుల కొట్టులో వెదకుతారు. బబులోనులో వెదకగా, చివరకు ఎక్బతానాలో ఒక గ్రంథపు చుట్ట దొరుకుతుంది. ఆ ఒక్క కాగితము ఆధారముగా యెరూషలేములో ఆగిపోయిన మందిరపు పనికి రాజు అనుమతి లభించింది. దానిని అక్కడ పెట్టిన గుమాస్తా పేరు మనకు తెలియదు. అతడు తన పని తాను సరిగా చేశాడు గనుక, ఎన్నో ఏళ్ళ తరువాత అవసరము వచ్చినప్పుడు ఆ చుట్ట అక్కడ ఉన్నది.